పండుగ ఎవరిది? – ఫ్రెడరిక్ డగ్లస్ జీవితం
(తృతీయ బి.ఎస్సీ., యం.పి.సి. విద్యార్థి)

కిందటి ఆగస్టు 15న పొద్దున్నే మా హాస్టలు ముందు జెండా వందనం జరిగింది. నేను వెళ్ళలేదు. ఒంట్లో బాగోలేక కాదు, నిద్ర లేవకా కాదు. ఆరింటికే లేచి, స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా కూడా తొడుక్కుని, మళ్ళీ విప్పేసి మంచం మీద కూర్చున్నాను. కింద జనగణమన మొదలయ్యేసరికి మాత్రం గదిలో ఒక్కణ్ణే లేచి నిలబడ్డాను. ఎందుకు కూర్చున్నానో, మళ్ళీ ఎందుకు నిలబడ్డానో ఆ వేళ నాకే సరిగ్గా బోధపడలేదు. ఈ వ్యాసం రాయడానికి అదే కారణం.

మాది వ్యవసాయ కుటుంబం. సొంతం రెండెకరాలు, కౌలు మూడెకరాలు. దాళ్వా ధాన్యం మే నెలలో ప్రభుత్వ కొనుగోలు కేంద్రంలో పోశాం. తేమ 17 శాతం దాటిందని రెండుసార్లు వెనక్కి పంపారు. మళ్ళీ ఎండబోసి, రాత్రుళ్ళు టార్పాలిన్ కప్పి కాపలా కాసి, చివరికెలాగో తూకం వేయించాం. డబ్బు జూన్‌లో రావలసింది. ఆగస్టు 15 నాటికి కూడా రాలేదు. మా నాన్న నా మెస్ బిల్లుకు వడ్డీకి తెచ్చి పంపించాడు. అటువంటప్పుడు ఆ ప్రభుత్వం ఎగరేసే జెండాకు నేను వెళ్ళి దణ్ణం పెట్టడమేమిటన్నది ఆ రోజు నా కోపం.

ఆ మధ్యాహ్నం మెస్సులో దీని మీద పెద్ద వాదనే జరిగింది. వెళ్ళడమంటే ప్రభుత్వానికి చప్పట్లు కొట్టడమేనని ఒక సీనియర్ అన్న అన్నాడు. దేశం వేరు, ప్రభుత్వం వేరు, ఆ మాత్రం తెలియకపోతే డిగ్రీ దేనికని ఇంకొకాయన అన్నాడు. ఇద్దరి మాటా నాకు సగం సగమే నిజమనిపించింది. వారం తర్వాత మా ఇంగ్లీషు లెక్చరర్ గారితో ఈ సంగతి చెబితే, ఆయన జవాబేమీ చెప్పకుండా లైబ్రరీకి వెళ్ళి ఫ్రెడరిక్ డగ్లస్ స్వీయచరిత్ర చదువుకోమన్నారు. ఫిజిక్సు రికార్డు పక్కన పడేసి చదివాను. నేను తెలుసుకున్న ఆ మహనీయుని జీవితం మన సంచిక చదువరులకు చెప్పాలని ఈ ప్రయత్నం.

* * *

డగ్లస్ 1818 ఫిబ్రవరిలో అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రంలో, టాల్బట్ కౌంటీ అనే పల్లెప్రాంతంలో పుట్టాడు. అప్పటి పేరు ఫ్రెడరిక్ అగస్టస్ వాషింగ్టన్ బెయిలీ. పుట్టిన తేదీ ఆయనకు జీవితాంతం తెలియలేదు. మన పల్లెల్లోనూ పాతకాలపు వాళ్ళకు తేదీలు తెలియవు గాని, వాళ్ళు తుపాను వచ్చిన ఏడనో, చెరువు తెగిన ఏడనో చెప్పుకుంటారు. ఈయన సంగతి వేరు. గుర్రం ఎప్పుడు ఈనిందో రాసుకున్నట్టే యజమాని తన పుస్తకంలో రాసుకున్నాడు, ఆ పుస్తకం చూసే హక్కు బానిసకు లేదు. తర్వాత కాలంలో ఫిబ్రవరి 14 తన పుట్టినరోజుగా ఆయనే పెట్టుకున్నాడు.

తల్లి హారియెట్ బెయిలీని పసివాడి దగ్గరనుంచి వేరుచేసి పన్నెండు మైళ్ళ దూరంలో పొలం పనికి పంపేశారు. పగలంతా పనిచేసి, రాత్రి నడిచి వచ్చి, బిడ్డను నిద్రపుచ్చి, తెల్లారేసరికి మళ్ళీ పొలంలో ఉండేది. అలా వచ్చింది కూడా నాలుగైదు సార్లే. ఆయనకు ఏడేళ్ళప్పుడు ఆమె చనిపోయింది. అమ్మమ్మ బెట్సీ పెంచింది. ఆరేళ్ళ వయసులో ఆమే పిల్లవాణ్ణి పెద్ద ఎస్టేటుకు నడిపించుకెళ్ళి, మిగతా పిల్లలతో ఆడుకొమ్మని చెప్పి, కళ్ళు తప్పించి వెళ్ళిపోవలసి వచ్చింది. అక్కడ పిల్లలకు మొక్కజొన్న సంకటి చెక్కతొట్టెలో పోసేవారు. పందులు తిన్నట్టు చుట్టూ చేరి ఆలిచిప్పలతో తోడుకుని తినేవారు. చలికాలం రాత్రి ధాన్యపు గోతం దొరికితే దాంట్లో తల దూర్చి పడుకునేవాడు. మంచుకు ఆయన పాదాలు పగుళ్ళిచ్చాయి. రాత్రుళ్ళు ధాన్యం రాశి పక్కన గోనెసంచుల మీద పడుకున్నవాణ్ణి గనక ఆ గోతం సంగతి చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. నేను పడుకున్నది మా ధాన్యం పక్కన. ఆయన పడుకున్న గోతంతో పాటు ఆయన కూడా వేరొకరి సొత్తు.

1826లో ఆయన్ని బాల్టిమోర్ పట్నానికి, హ్యూ ఆల్డ్ అనే వాళ్ళింటికి పంపారు. ఆ ఇంటావిడ సోఫియా మంచి మనసుతో అక్షరాలు నేర్పడం మొదలెట్టింది. భర్త చూసి ఆపించాడు. చదువు వస్తే బానిస బానిసగా ఉండడని ఆయన భార్యకు చెబుతుంటే కుర్రవాడు విన్నాడు. పాఠం ఆగిపోయింది గాని, అసలు పాఠం ఆ క్షణంలోనే వంటబట్టింది. యజమాని దేన్ని చూసి భయపడుతున్నాడో అదే తనకు దారి అని అర్థం చేసుకున్నాడు. వీధిలో ఆకలితో తిరిగే తెల్ల పిల్లలకు రొట్టెముక్కలు పెట్టి, బదులుగా అక్షరాలు చెప్పించుకున్నాడు. ఓడల రేవులో చెక్కల మీద సుద్దతో రాసే గుర్తులు చూసి రాత నేర్చుకున్నాడు. బూట్లు తుడిచి సంపాదించిన యాభై సెంట్లతో ఉపన్యాసాల సంకలనం ఒకటి కొనుక్కుని మళ్ళీ మళ్ళీ చదివాడు. స్కాలర్‌షిప్పు ఆలస్యమైందని చదువు మానేద్దామనుకునే మాబోటివాళ్ళం ఇక్కడ కొంచెం తలదించుకోవాలి.

పదిహేనేళ్ళు వచ్చాక మళ్ళీ పల్లెకు పంపారు. కుర్రవాడు మాట వినడం లేదని 1834లో ఎడ్వర్డ్ కోవీ అనే రైతు దగ్గర ఏడాది పాటు ఉంచారు. బానిసల పొగరు అణచడంలో పేరుపడ్డవాడు కోవీ. ఆరునెలల పాటు వారం వారం కొరడా దెబ్బలు. ఆగస్టులో ఒకరోజు డగ్లస్ తిరగబడ్డాడు. పశువుల కొట్టంలో రెండు గంటల సేపు ఇద్దరూ పెనుగులాడారు. ఆ తర్వాత కోవీ మళ్ళీ చెయ్యెత్తలేదు. తను మనిషినని తనకు ఆ రోజు తెలిసిందని డగ్లస్ తర్వాత రాసుకున్నాడు. 1836లో స్నేహితులతో కలిసి పారిపోవాలని చూస్తే బయటపడి జైలు పాలయ్యాడు. మళ్ళీ బాల్టిమోర్ చేరి, ఓడల చెక్కల సందుల్లో పీచు కూరి తారు పూసే పని నేర్చుకున్నాడు. మంచి పనివాడయ్యాడు. కాని వారం చివర కూలిడబ్బు తీసుకెళ్ళి యజమాని చేతిలో పెట్టాలి. చెమట ఒకరిది, లెక్క ఒకరిది.

1838 సెప్టెంబరు 3న రైలెక్కి పారిపోయాడు. అన్నా మర్రీ అనే నల్లజాతి యువతి, ఆమె బానిస కాదు, తన పొదుపు సొమ్ము ఇచ్చి సాయపడింది. నావికుడి దుస్తులు వేసుకుని, ఒక స్నేహితుడి నావికుడి గుర్తింపు కాగితం జేబులో పెట్టుకున్నాడు. అందులో రాసిన ఆనవాళ్ళకూ ఈయనకూ పోలికే లేదు. కాని ఆ కాగితం నెత్తిన అమెరికా ప్రభుత్వ ముద్ర, గద్ద బొమ్మ ఉంది. కండక్టరు ఆ గద్దను చూసి, మనిషిని పరకాయించి చూడకుండానే వదిలేశాడు. ఇక్కడ పుస్తకం మూసి కొంచెంసేపు ఆలోచించాను. ఏ దేశపు చట్టం ఆయన్ని బానిసను చేసిందో ఆ దేశపు చిహ్నాన్నే అడ్డు పెట్టుకుని ఆయన బయటపడ్డాడు! చిహ్నం ప్రభుత్వం చేతిలోనే కాదు, ప్రభుత్వం నుంచి పారిపోతున్నవాడి జేబులో కూడా ఉండగలదన్నమాట.

ఇరవైనాలుగు గంటలు తిరక్కుండా న్యూయార్కు చేరాడు. అన్నాను పిలిపించి పెళ్ళి చేసుకున్నాడు. మసాచుసెట్స్‌లోని న్యూ బెడ్‌ఫర్డ్‌లో కాపురం పెట్టి, పట్టుబడకుండా డగ్లస్ అని పేరు మార్చుకున్నాడు. అప్పటికి ఆయన వయసు ఇరవై. ఇప్పుడు నా వయసదే.

* * *

1841లో నాన్టకెట్ అనే దీవిలో బానిసత్వ నిర్మూలనవాదుల సభలో లేచి నాలుగు మాటలు చెప్పాడు. ఆ ఉద్యమనాయకుడు విలియం లాయిడ్ గారిసన్ అక్కడే ఉన్నాడు. ఆ రోజు నుంచి డగ్లస్ ఊరూరా తిరిగే ఉపన్యాసకుడయ్యాడు. ఎంత బాగా మాట్లాడేవాడంటే, ఈయన బానిసగా ఉండి ఉండడని జనం అనుమానించారు. దానికి సమాధానంగా 1845లో యజమానుల పేర్లు, ఊళ్ళ పేర్లతో సహా తన జీవితచరిత్ర అచ్చువేశాడు. నాలుగు నెలల్లో 5,000 ప్రతులు అమ్ముడుపోయాయి. నిజం రాసినందుకు ప్రమాదం కూడా వచ్చిపడింది. ఎక్కడున్నాడో యజమానికి తెలిసిపోయింది. అందుకని ఓడెక్కి ఐర్లండు, ఇంగ్లండు, స్కాట్లండు తిరిగి రెండేళ్ళ దాకా అక్కడే ఉండిపోయాడు. 1846లో ఇంగ్లండు మిత్రులు చందాలు వేసుకుని 150 పౌన్లు చెల్లించి ఆయన్ని చట్టప్రకారం విడిపించారు. మనిషికి వెల కట్టి కొనడమంటే బానిసత్వాన్ని ఒప్పుకున్నట్టేనని కొందరు సొంత మిత్రులే విమర్శించారు. ఆయన లెక్క చేయలేదు. దోచుకున్నవాడికి డబ్బిచ్చి మన ప్రాణం మనం తెచ్చుకుంటే దోపిడీని మెచ్చుకున్నట్టు కాదన్నది ఆయన అభిప్రాయం. మా నాన్న వడ్డీవ్యాపారికి వడ్డీ కడతాడు. వడ్డీ న్యాయమని ఒప్పుకునే కడుతున్నాడా?

1847లో తిరిగివచ్చి న్యూయార్కు రాష్ట్రంలోని రోచెస్టర్‌లో కాపురం పెట్టి, డిసెంబరులో నార్త్ స్టార్ అనే పత్రిక ప్రారంభించాడు. 1848 జులైలో సెనెకా ఫాల్స్‌లో స్త్రీల హక్కుల సభ జరిగితే దానికి వెళ్ళాడు. స్త్రీలకు ఓటుహక్కు అన్న తీర్మానం వీగిపోయేలా ఉన్నప్పుడు లేచి దాన్ని సమర్థించాడు.

ఆ రోజుల్లో ఆయన ముందున్న ప్రశ్న నేను హాస్టలు గదిలో వేసుకున్న ప్రశ్నకు పెద్దన్న లాంటిది. గారిసన్ దృష్టిలో అమెరికా రాజ్యాంగమే బానిసత్వానికి కొమ్ముకాసేది. దానికింద ఓటు వేయడం కూడా పాపమే. డగ్లస్ మొదట ఆ మాటే నమ్మాడు. తర్వాత రాజ్యాంగాన్ని తనే కూలంకషంగా చదివి, వాదించి, 1851 నాటికి అభిప్రాయం మార్చుకున్నాడు. రాజ్యాంగం చెడ్డది కాదు, దాన్ని చెడ్డపనికి వాడుకుంటున్న ప్రభుత్వాలు చెడ్డవి, ఆ పుస్తకాన్ని వాళ్ళ చేతుల్లోంచి మనం లాక్కోవాలి అనే నిర్ణయానికి వచ్చాడు. ఈ ఒక్క మాట మీద, తండ్రిలాంటి గారిసన్‌తో ఆయనకు తెగిపోయింది.

అసలు ప్రభుత్వం ఏం చేస్తోందో కూడా చెప్పాలి. 1850లో పారిపోయిన బానిసల చట్టం వచ్చింది. దాని ప్రకారం ఉత్తరాది రాష్ట్రాలకు చేరినవాణ్ణి కూడా పట్టుకుని వెనక్కి పంపవచ్చు. జ్యూరీ ఉండదు. పట్టుబడినవాడు తన తరఫున సాక్ష్యం చెప్పుకోడానికి వీల్లేదు. విచారించే కమిషనరు ఆ మనిషిని బానిస అని తేలిస్తే 10 డాలర్లు, కాదని వదిలేస్తే 5 డాలర్లు ఫీజు. త్రాసులో ముల్లు ఎటు మొగ్గుతుందో తూకానికి ముందే చట్టంలో రాసేశారన్నమాట. అప్పటికి ఆ దేశంలో సుమారు 32 లక్షల మంది బానిసలున్నారు.

* * *

ఇటువంటి సమయంలో 1852లో రోచెస్టర్ మహిళల బానిసత్వ వ్యతిరేక సంఘం వారు స్వాతంత్ర్య దినోత్సవ ఉపన్యాసానికి డగ్లస్‌ను పిలిచారు. అమెరికా వారి పండుగ జులై 4. ఆ ఏడు అది ఆదివారం. సభ 5వ తేదీ సోమవారం కొరింథియన్ హాలులో జరిగింది. 5వ తేదీకి నల్లవారిలో ఒక చరిత్ర ఉంది. న్యూయార్కు రాష్ట్రంలో 1827 జులై 4న బానిసత్వం చట్టప్రకారం ముగిసింది. అయితే తెల్లవారి పండుగనాడు వీధిలోకి వస్తే దెబ్బలు తినవలసి వస్తుందనీ, ఆ పండుగ తమది ఇంకా కాలేదనీ, అక్కడి నల్లవారు మర్నాడు 5వ తేదీన ఊరేగింపు చేసుకున్నారు. పండుగ మానలేదు, ఒకరోజు జరిపారు. ఆ ఒక్కరోజు తేడాలోనే వాళ్ళు చెప్పదలచుకున్నదంతా ఉంది.

ఆ సభకు అయిదారు వందలమంది వచ్చారు. టిక్కెట్టు పన్నెండున్నర సెంట్లు. ముందు స్వాతంత్ర్య ప్రకటన చదివారు. తర్వాత డగ్లస్ లేచాడు. మొదట ఆయన తిట్టలేదు. దేశాన్ని స్థాపించినవారిని మనస్ఫూర్తిగా మెచ్చుకున్నాడు. వాళ్ళు తమ కాలపు ప్రభుత్వం తప్పు చేస్తోందని ముఖం మీద చెప్పినవాళ్ళని, ఆ రోజుల్లో ఆ మాట అనడం ప్రాణాలకు తెగించడమని, పని జరిగిపోయాక పొగడడం మాత్రం అందరికీ తేలికేనని గుర్తుచేశాడు. చదువరులు ఇక్కడ గమనించాలి. పండుగ పుట్టిందే ప్రభుత్వాన్ని కాదన్న రోజున! అలాంటి పండుగ చేసుకోవడం ప్రభుత్వానికి తలూపడం ఎలా అవుతుంది?

అక్కడితో ఆగి ఉంటే అది మామూలు పండుగ ఉపన్యాసమే. తర్వాత ఆయన గొంతు మారింది. ఈ పండుగ మీది, నాది కాదు అన్న అర్థం వచ్చేలా, ఉపన్యాసం పొడుగునా తన శ్రోతలను వేరుచేసి మాట్లాడాడు. గొలుసులతో ఉన్నవాణ్ణి పందిట్లోకి పిలిచి పాట పాడమనడం ఎగతాళి కాదా అని నిలదీశాడు. బానిసల సంతలు, రాత్రిపూట రేవుకు నడిపించుకుపోయే మనుషుల గొలుసుల చప్పుడు, ఆ కొత్త చట్టం, దానికి వత్తాసు పలికే చర్చిలు, ఒక్కొక్కటే వరసగా చూపించాడు. బానిస కళ్ళతో చూస్తే ఆ పండుగ ఎలా ఉంటుందో ఆ హాలులో ఉన్నవాళ్ళ చేత చూపించాడు. చివరకు మాత్రం నిరాశతో ముగించలేదు. దేశం ఇంకా చిన్న వయసులోనే ఉంది, మారగలదు అన్నాడు. రాజ్యాంగం స్వేచ్ఛవైపే ఉందన్నాడు. వచ్చినవాళ్ళు కోప్పడకపోగా చప్పట్లు కొట్టారు. అక్కడికక్కడే ఆ ఉపన్యాసం పుస్తకంగా వేయాలని 700 ప్రతులకు చందాదారులు చేరారు.

దీనికి పోల్చి చూడవలసిన సంగతి ఇంకొకటి ఉంది. రెండేళ్ళ తర్వాత, 1854 జులై 4న, మసాచుసెట్స్‌లోని ఫ్రేమింగ్‌హామ్‌లో గారిసన్ బహిరంగ సభలో అమెరికా రాజ్యాంగం ప్రతిని తగలబెట్టాడు. ఇద్దరిదీ ఒకే కోపం. ఒకాయన పండుగనాడు కాల్చాడు, ఒకాయన పండుగనాడు చదివి లెక్క అడిగాడు. గారిసన్‌ను తప్పుపట్టే అర్హత నాకు లేదు. ఆయన కూడా జీవితమంతా ఆ పనికే ధారపోశాడు. కాని నా మనసు డగ్లస్‌వైపే మొగ్గింది. కాల్చిన కాగితం మీద అప్పు వసూలు చేసుకోలేం గదా! ప్రోనోటు పారేసుకున్న రైతు ఏ కోర్టుకు వెళతాడు?

* * *

1857లో డ్రెడ్ స్కాట్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు నల్లవారు పౌరులే కారని తీర్పు చెప్పింది. 1859లో జాన్ బ్రౌన్ ఆయుధాలతో తిరుగుబాటుకు దిగబోతూ డగ్లస్‌ను రమ్మన్నాడు. అది ఉచ్చులో కాలుపెట్టడమేనని డగ్లస్ వెళ్ళలేదు. అయినా ప్రభుత్వం తనకోసం వెతుకుతుంటే కెనడా మీదుగా ఇంగ్లండు పోవలసి వచ్చింది. ఆయన అక్కడుండగానే 1860లో చిన్నకూతురు అన్నీ చనిపోయింది. కడసారి చూపు దక్కలేదు.

1861లో అంతర్యుద్ధం వచ్చింది. లింకన్ ప్రభుత్వం బానిసల విముక్తికి వెనకాడుతుంటే డగ్లస్ తన పత్రికలో దుమ్మెత్తిపోశాడు. 1863 జనవరి 1న విముక్తి ప్రకటన రాగానే అదే ప్రభుత్వపు సైన్యంలోకి నల్లవారిని చేర్పించడానికి ఊరూరా తిరిగాడు. తన కొడుకులు లూయిస్, చార్లెస్‌లను మొట్టమొదట చేర్పించాడు. తీరా చూస్తే తెల్ల సిపాయికి నెలకు 13 డాలర్లు, నల్ల సిపాయికి 10, అందులోనూ బట్టలకు 3 కోత. ఆయన సైనికులను చేర్పించడం ఆపేసి, 1863 ఆగస్టులో నేరుగా లింకన్ దగ్గరికే వెళ్ళి అడిగాడు. లింకన్ ఓపిగ్గా విన్నాడు గాని వెంటనే ఇస్తానని చెప్పలేదు. 1864లో గాని జీతాలు సమం కాలేదు. ఆ మనిషి మీద డగ్లస్‌కు గౌరవం కలిగింది. గౌరవం కలిగిందని విమర్శ మానలేదు.

లింకన్ పోయిన పదకొండేళ్ళకు, 1876 ఏప్రిల్ 14న, విముక్తులైన బానిసలు చందాలు వేసుకుని వాషింగ్టన్‌లో నిలబెట్టిన లింకన్ విగ్రహాన్ని ఆవిష్కరించారు. అధ్యక్షుడు గ్రాంట్, మంత్రులు, జడ్జీలు ముందు వరసలో కూర్చున్నారు. ముఖ్య ఉపన్యాసం డగ్లస్‌ది. లింకన్ ప్రధానంగా తెల్లవారి అధ్యక్షుడేనని, మనం ఆయనకు సవతి బిడ్డలమేనని ఆ విగ్రహం ముందే చెప్పాడు. చెప్పి, ఆయన చేసిన మేలు ఎంత పెద్దదో కూడా తూచి చెప్పాడు. దండ వేస్తూ లెక్క చెప్పడం ఎలాగో ఆ రోజు ఆయన నేర్పాడు.

ఇంతవరకు చదివి ఈయనలో లోపమే లేదనుకోకండి. 1877లో అధ్యక్షుడు హేస్ ఆయన్ని వాషింగ్టన్ మార్షల్‌గా నియమించాడు. అదే ఏడు దక్షిణాదిలో నల్లవారికి కాపలాగా ఉన్న సైన్యాన్ని కేంద్రం తన శిబిరాలకు తిప్పుకుంది. వాళ్ళ ఓట్లు, ప్రాణాలు పాత యజమానుల దయకు వదిలేసినట్టయింది. ఉద్యోగంలో ఉన్న డగ్లస్ నోరు ఆ రోజుల్లో ఉండవలసినంత గట్టిగా లేదని తనవాళ్ళే నిష్ఠూరమాడారు. పైగా అధ్యక్ష భవనంలో అతిథులను పరిచయం చేసే పని మార్షల్‌ది కాగా, నల్లవాడైనందుకు ఆ పని మాత్రం ఆయన చేతికివ్వలేదు. ఆయన ఆ అవమానం దిగమింగి ఉద్యోగంలో కొనసాగాడు. నాకు ఈ ఘట్టం కష్టంగా తోచింది. పండుగకు వెళ్ళడంలో లేని చిక్కు జీతం తీసుకోవడంలో ఉంది. ప్రభుత్వానికి తలూపడమంటూ ఉంటే అది జెండా దగ్గర కన్నా కుర్చీలోనే ఎక్కువ జరుగుతుందేమో.

1889 నుంచి 1891 వరకు హైతీ దేశంలో అమెరికా రాయబారిగా చేశాడు. 1893లో షికాగోలో మహా ప్రదర్శన జరిగినప్పుడు తన దేశపు మంటపంలో నల్లవారికి చోటు లేకపోతే, హైతీ మంటపంలో ఆ దేశ ప్రతినిధిగా కూర్చున్నాడు. ఐడా బి. వెల్స్ అనే యువ పాత్రికేయురాలితో కలిసి, నల్లవారిని ఎందుకు దూరంగా పెట్టారో చెప్పే చిన్న పుస్తకం వేసి పంచిపెట్టాడు. ప్రదర్శనవారు నల్లవారికోసమని ఆగస్టు 25న ఒక ప్రత్యేక దినం ప్రకటించారు. అది కంటితుడుపు, దాన్ని బహిష్కరించాలని వెల్స్ వాదించింది. డగ్లస్ వెళదామన్నాడు. డెబ్బయి అయిదేళ్ళ ముసలాయన వేదికెక్కగానే వెనకనుంచి తెల్లవాళ్ళు కొందరు ఎగతాళిగా అరిచారు. ఆయన రాసుకొచ్చిన కాగితాలు పక్కన పడేసి, ఉన్న సమస్య నల్లవారిది కాదు, తన రాజ్యాంగం ప్రకారం బతకగలమా అన్నది దేశం సమస్య అని గంటసేపు గర్జించాడు. మర్నాడు పత్రికల్లో చదివి వెల్స్ వచ్చి ఆయన్ని క్షమాపణ అడిగింది.

1895 ఫిబ్రవరి 20న వాషింగ్టన్‌లో స్త్రీల సభ ఒకదానికి వెళ్ళి ఇంటికి వచ్చి, ఆ సాయంత్రమే గుండె ఆగి కన్నుమూశాడు. ఆయన్ని రోచెస్టర్‌లో సమాధి చేశారు. జులై 5 ఉపన్యాసం వినిపించిన ఊరే అది.

* * *

ఇక నా సంగతి. ఫిజిక్సులో మాస్ వేరు, వెయిట్ వేరు అని ఇంటర్ మొదటి ఏడే నేర్పుతారు. మాస్ ఎక్కడున్నా మారదు, వెయిట్ చోటునుబట్టి మారుతుంది. దేశం మాస్ లాంటిది, ప్రభుత్వం వెయిట్ లాంటిది అని మెస్సులో చెబితే అందరూ మెచ్చుకునేవారే. కాని డగ్లస్‌ను చదివాక ఆ పోలిక అంత తేలిగ్గా ఒప్పుకోలేకపోతున్నాను. ప్రభుత్వాన్ని ఓటు వేసి కూర్చోబెట్టింది మనమే గదా. దేశం నాది, ప్రభుత్వంతో నాకేం సంబంధం అనడం చేతులు కడుక్కోవడమే. నాది గనకే అడుగుతున్నాను అనడం డగ్లస్ పద్ధతి.

మన జనవరి 26 మాత్రం ఎలా వచ్చింది? 1930లో ఆ రోజున కాంగ్రెసు పిలుపు మీద ఊరూరా జనం పోగై సంపూర్ణ స్వరాజ్య ప్రతిజ్ఞ చదివారు. అప్పుడు పాలిస్తున్నది బ్రిటిష్ ప్రభుత్వం. దానికి ఎదురుగా చేసుకున్న పండుగ అది. ఆ రోజును తలచుకునే 1950లో రాజ్యాంగాన్ని ఆ తేదీన అమల్లోకి తెచ్చారు. మన పండుగ కూడా అడిగినవాళ్ళ పండుగే. అడగడం మానేసిన రోజున అది సెలవుదినమవుతుంది.

అయితే సీనియర్ అన్న మాటలో నిజం లేదా? ఉంది. జెండా కింద నిలబడి, వచ్చిన పెద్దమనిషి చెప్పిన గొప్పలన్నీ విని, చాక్లెట్టు తిని వచ్చేస్తే అది తలూపడమే. డగ్లస్ వెళ్ళడం ఒప్పయింది ఆయన వెళ్ళి మాట్లాడాడు గనక. ఆ రోచెస్టర్ మహిళలు ఆయన్ని పిలిచి, నోరు కట్టకుండా మాట్లాడనిచ్చారు గనక. కాబట్టి యూనియన్ మిత్రులకు ఒక మనవి. వచ్చే జనవరి 26న జెండా ఎగిరాక రాజ్యాంగ పీఠిక చదవండి. ఆ తర్వాత ఒక విద్యార్థికి అయిదు నిమిషాలు ఇవ్వండి. తన ఊళ్ళో ఆ పీఠిక ఎంతవరకు అందిందో, ఎంత బాకీ ఉందో అతను చెబుతాడు. అందులో తిట్లు వద్దు, పార్టీల పేర్లూ వద్దు. ఎవరూ ముందుకు రాకపోతే మొదట నేను మాట్లాడతాను.

చివరగా ఒక మాట. దసరా సెలవుల్లో ఇంటికెళ్ళినప్పుడు ఆగస్టు 15న నేను జెండా వందనానికి వెళ్ళలేదని మా నాన్నతో చెప్పాను. మెచ్చుకుంటాడనుకున్నాను. ఆయన ఏమీ అనకుండా కొంచెంసేపు గట్టు వైపు చూసి, తను మా ఊరి బడి దగ్గర జెండాకు వెళ్ళానని చెప్పాడు. అందరూ వెళ్ళిపోయాక ధాన్యం రసీదు జేబులోంచి తీసి, వచ్చిన అధికారి ముందు పెట్టి, ఇది మేం పండించింది, డబ్బెప్పుడిస్తారని అడిగాడట. ఆ డబ్బు సెప్టెంబరులో వచ్చింది. అడిగినందుకే వచ్చిందని నేను చెప్పలేను. ఏడో తరగతితో చదువు ఆపేసిన మా నాన్నకు డగ్లస్ పేరు తెలియదు. గదిలో ఒక్కణ్ణే నిలబడిన నేను డగ్లస్‌ను చదివి తెలుసుకున్నది, ఆయన రసీదు జేబులో పెట్టుకుని బడికి వెళ్ళినప్పుడే తెలుసుకున్నాడు.